ఇంటి ఫ్రీజర్‌లో ఆహారం నిల్వ, ఐస్ తయారీ

ఫ్రీజర్ నుంచి తీసి వండిన చేప పీచుపీచుగా, చప్పగా ఉంటే చాలా రోజులు లోపల ఉండిపోవడమే కారణమని అనుకుంటాం. నిజానికి దాని సంగతి చాలావరకు లోపల పెట్టిన మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. ఆహారంలోని నీటిలో ఎక్కువ భాగం సున్నాకు కాస్త దిగువన, దాదాపు మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ మధ్య మంచుగా మారుతుంది. ఈ దశ త్వరగా గడిచిపోతే మంచు స్ఫటికాలు సన్నగా ఏర్పడి కణాలను పెద్దగా దెబ్బతీయవు. గంటల తరబడి సాగితే అవే స్ఫటికాలు పెద్దవై కణాల పొరలను చీలుస్తాయి. కరిగించినప్పుడు పళ్లెంలోకి కారే నీరు చాలావరకు అలా దెబ్బతిన్న కణాల నుంచి వచ్చినదే. భీమవరం ప్రాంతంలో పండే రొయ్యలను ఎగుమతికి సిద్ధం చేసే కర్మాగారాలు అంత తీవ్రమైన చలినిచ్చే యంత్రాలను వాడేది ఈ దశను వేగంగా దాటించడానికే. మన ఇంటి ఫ్రీజర్‌కు ఆ శక్తి లేదు కనుక ఆ లోటును మన చేతిపనితో పూడ్చుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతుల్లో చాలావాటి వెనుక ఉన్న లెక్క ఇదే. ఐస్ విషయం మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. తేటగా, గట్టిగా ఉండే ఐస్ కావాలంటే నీరు నెమ్మదిగా గడ్డ కట్టాలి.

ముందుగా మీ ఇంట్లో ఉన్నది ఏ రకం ఫ్రిజ్జో తెలుసుకోవాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన చిన్న మూతతో ఉండే అర చాలావాటిలో మైనస్ 6 నుంచి మైనస్ 12 డిగ్రీల వరకే చల్లబడుతుంది. ఐస్ ముక్కలకు, వారం పది రోజుల నిల్వకు అది చాలు గానీ నెలల తరబడి మాంసం దాచడానికి చాలదు. ఫ్రీజర్‌కు వేరే తలుపు ఉండే డబుల్ డోర్ ఫ్రిజ్‌లు సాధారణంగా మైనస్ 18 డిగ్రీలకు చేరుకుంటాయి, దీర్ఘకాలపు నిల్వకు ప్రమాణంగా తీసుకునే ఉష్ణోగ్రత అదే. కొన్ని ఫ్రీజర్ల మీద ముద్రించి ఉండే చిన్న నక్షత్రాలు ఈ విషయాన్నే చెబుతాయి: ఒక నక్షత్రం ఉంటే మైనస్ 6, రెండు ఉంటే మైనస్ 12, మూడు ఉంటే మైనస్ 18, నాలుగు ఉంటే మైనస్ 18 తో పాటు తాజా ఆహారాన్ని తగినంత వేగంగా గడ్డ కట్టించే సామర్థ్యం కూడా ఉన్నట్టు. ఫ్రిజ్ కొనేటప్పుడు తలుపు మీద అంటించి కనిపించే కరెంటు పొదుపు స్టార్ రేటింగ్‌కూ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఫైవ్ స్టార్ ఫ్రిజ్ కొన్నాం కనుక అందులో చేపలు ఆరు నెలలు నిలుస్తాయని అనుకోవడం పొరపాటు.

ఫ్రీజర్‌లో పెట్టగలిగే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుని, రాత్రంతా గడ్డ కట్టిన ప్యాకెట్ల మధ్య ఉంచి ఉదయం చూడడం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. అది లేనివారు ఐస్‌క్రీమ్‌ను బట్టి ఒక అంచనాకు రావచ్చు: బయటికి తీసిన వెంటనే చెంచా సులువుగా దిగిపోతూ ఉంటే ఫ్రీజర్ మైనస్ 18 కి చేరలేదని అర్థం.

ఎంత చల్లగా ఉన్నా ఫ్రీజర్ క్రిములను చంపదు, వాటి పెరుగుదలను మాత్రమే ఆపుతుంది. సాయంత్రం దాకా వంటగట్టు మీద ఉండి వాసన మారబోతున్న కూరను లోపల పెడితే, నెల తర్వాత బయటికి వచ్చేది కూడా అదే కూర. అందుకే తాజాగా ఉన్నప్పుడే దాచాలి. వండిన పదార్థాన్ని రెండు గంటల్లోగా చల్లబరిచి లోపల పెట్టాలన్నది సాధారణ నియమం, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. మన ఎండాకాలానికి వర్తించేది ఈ రెండో నియమమేనని గుర్తుంచుకోవాలి. పొగలు కక్కే గిన్నెను నేరుగా ఫ్రీజర్‌లో పెడితే చుట్టూ ఉన్నవి కరుగుతాయి కాబట్టి, పప్పునో పులుసునో వెడల్పాటి స్టీలు పళ్లెంలోకి వంచి, ఆ పళ్లెం అడుగును చల్లటి నీళ్లున్న బేసిన్‌లో ఉంచి, మధ్యమధ్య గరిటెతో కలుపుతూ ఉంటే కొద్దిసేపట్లోనే చేయి పెట్టగలిగేంత చల్లారుతుంది.

ఇక త్వరగా గడ్డ కట్టించడం. దీనికి కిటుకు పలుచదనంలో ఉంది. కిలో మాంసాన్ని ఒకే ముద్దగా కవర్‌లో కట్టి పెడితే దాని నడిమి భాగం గడ్డ కట్టడానికి ఒక రోజంతా పట్టవచ్చు. అదే మాంసాన్ని ఒక పూటకు సరిపడే భాగాలుగా విడదీసి, జిప్ కవర్లలో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, స్టీలు పళ్లెం మీద బల్లపరుపుగా పెడితే కొద్ది గంటల్లో పని పూర్తవుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లగా ఉండేది ఫ్రీజర్ అడుగు రేకే కనుక కొత్త ప్యాకెట్ దానికి ఆనేలా ఉండాలి. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో చల్లగాలి వచ్చే రంధ్రాలకు దగ్గరగా పెట్టాలి, అయితే ఆ రంధ్రాలను మూసేయకూడదు. పూర్తిగా గడ్డ కట్టాక ప్యాకెట్లను నిలువుగా పేర్చుకోవచ్చు, దానివల్ల చోటు కలిసిరావడమే కాక ఏది ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. ఒకే రోజున మరీ ఎక్కువ పెట్టడం మంచిది కాదు; యాభై అరవై లీటర్ల ఫ్రీజర్‌కు రోజుకు రెండు కిలోల కొత్త సరుకు మించకుండా చూసుకోవాలి. పండగకు ఐదారు కిలోల మాంసం తెచ్చి ఒక్కసారే కుక్కితే ఏదీ సరిగా గడ్డ కట్టకపోగా, అంతకుముందు నుంచి ఉన్నవి కూడా మెత్తబడతాయి.

గాలి తగలకుండా కట్టడం అంతే ముఖ్యం. ఫ్రీజర్‌లోని పొడి గాలికి మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది, అలా తడి పోయిన చోట కోడిమాంసం మీద తెల్లగా, తోలులా బిరుసుగా మచ్చలు పడతాయి. ఆ భాగం తింటే హాని లేదు గానీ రుచి ఉండదు. దుకాణంలో ఇచ్చే పలుచటి పాలిథిన్ కవర్‌లోనే కోడిమాంసాన్ని వదిలేయకుండా మందపాటి జిప్ కవర్‌లోకి మార్చి గాలి తీసేయాలి. అందుకు తేలికైన ఉపాయం ఒకటుంది. జిప్‌ను ఒక మూల వేలెడంత తెరిచి ఉంచి, కవర్‌ను నీళ్లున్న గిన్నెలోకి మెల్లగా దించితే నీటి ఒత్తిడికి కవర్ లోపలి పదార్థాన్ని అతుక్కుని గాలి అంతా పైకి పోతుంది. మూల నీళ్లలో మునగకముందే జిప్ మూసేయాలి. ద్రవ పదార్థాలను డబ్బాల్లో పోసేటప్పుడు పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, ఎందుకంటే నీరు గడ్డ కడితే తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తుంది. గాజు సీసాలను ఫ్రీజర్‌లో పెట్టకపోవడమే క్షేమం. ప్రతి ప్యాకెట్ మీద పేరు, తేదీ రాసిన కాగితపు టేపు అంటించాలి. గడ్డ కట్టాక చింతపండు గుజ్జు, ఉల్లి మసాలా ముద్ద ఒకే రంగులో కనిపిస్తాయి.

పచ్చి కూరగాయలకు ఇంకొక పని ఎక్కువ. వాటిలోని ఎంజైములు ఫ్రీజర్‌లో కూడా పూర్తిగా ఆగవు, నెలరోజుల్లో రంగునూ వాసననూ మార్చేస్తాయి. అందుకని శీతాకాలంలో చవకగా దొరికే పచ్చి బఠాణీలను ఒలిచి, తెర్లుతున్న నీళ్లలో ఒకటిన్నర నిమిషం ఉంచి, వెంటనే ఐస్ వేసిన నీళ్లలోకి మార్చి, వడగట్టి, గుడ్డ మీద ఆరబెట్టాలి. బీన్స్, కాలీఫ్లవర్ పువ్వులకు మూడు నిమిషాలు, క్యారెట్ ముక్కలకు రెండు నిమిషాలు చాలు. నీళ్లు సరిపోకపోతే కూరగాయలు వేయగానే మరుగు ఆగిపోయి అవి ఉడికిపోతాయి, కాబట్టి అర కిలోకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు పెట్టి, కొద్దికొద్దిగా వేయాలి. ఆరిన బఠాణీలను పళ్లెంలో ఒకే వరుసగా పరిచి రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, గింజలు విడివిడిగా గట్టిపడ్డాక కవర్‌లోకి ఎత్తితే, తర్వాత గుప్పెడు కావాలన్నా ముద్దను బద్దలు కొట్టవలసిన అవసరం రాదు. తడి మిగిలి ఉంటే మాత్రం అన్నీ ఒకే గడ్డగా అతుక్కుంటాయి.

గోంగూరను, చింతచిగురును పచ్చిగా దాచడం కంటే వేడి తగిలించి దాచడమే మేలని నా అభిప్రాయం. గోంగూరను కొద్ది నూనెలో నీరు ఇగిరేదాకా మగ్గించి, చింతచిగురును ఈనెలు తీసి నలిపి ఒట్టి బాణలిలో కాసేపు వేయించి, చల్లారాక ఒక కూరకు సరిపడే ముద్దలుగా కట్టి పెట్టుకుంటే ఋతువు దాటాక కూడా పప్పులోకి పనికివస్తాయి. అల్లం వెల్లుల్లి ముద్దను ఐస్ ట్రే గుంతల్లో నింపి గడ్డ కట్టించి డబ్బాలో వేసుకోవచ్చు, అయితే ఆ ట్రేను మళ్లీ నీళ్ల ఐస్‌కు వాడకూడదు. కొబ్బరి తురుమును కవర్‌లో పలుచగా పరిచి, గడ్డ కట్టకముందే చాకు వెనుక వైపుతో కవర్ మీద గళ్లుగా గీతలు నొక్కితే కావలసినంత విరుచుకోవచ్చు. మామిడి రసాలను నీళ్లు కలపకుండా పిండి, కాస్త పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం చేర్చి దాచితే రంగు మారదు. టమాటాలను కడిగి తుడిచి కాయలుగానే పెట్టవచ్చు. కరిగాక మెత్తబడతాయి గానీ తొక్క దానంతటదే ఊడివస్తుంది, చారుకూ కూరకూ ఇబ్బంది ఉండదు.

ఫ్రీజర్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినవి చేపలు. మొప్పలు, పేగులు తీసి, కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దాక ముక్కలను విడివిడిగా గడ్డ కట్టించాలి. గట్టిపడిన ముక్కను తీసి గడ్డ కట్టబోయేంత చల్లటి నీటిలో ఒక్కసారి ముంచి ఎత్తితే పైన సన్నటి మంచు పొర వెంటనే ఏర్పడుతుంది. ఆ ముక్కను కాసేపు మళ్లీ ఫ్రీజర్‌లో ఉంచి, ఇదే విధంగా రెండు మూడు సార్లు చేస్తే గాజులా మెరిసే పొర ముక్కను అన్ని వైపులా కప్పి గాలి తగలనివ్వదు. రొయ్యలకు ఇంకా సులువైన పద్ధతి ఉంది: తలలు తీసి, డబ్బాలో సర్ది, మునిగేదాకా చల్లటి నీళ్లు పోసి మొత్తాన్ని ఒకే దిమ్మెగా గడ్డ కట్టించాలి. తలలను మాత్రం తప్పక తీయాలి, వాటిలోని ఎంజైములే రొయ్యను నల్లబరిచి మెత్తబరుస్తాయి. ఉప్పు, పసుపు పట్టించి దాచడం మన ఇళ్లలో అలవాటు. రెండు మూడు రోజుల కోసమైతే ఫరవాలేదు గానీ నెలల నిల్వకు ఉప్పు పట్టించకూడదు, ఉప్పు చేపలోని నూనెకు ముక్కిపోయిన వాసన రావడాన్ని వేగిరపరుస్తుంది. నూనె ఎక్కువగా ఉండే పులస, కవళ్లు, కానగంతల వంటివి మైనస్ 18 లో కూడా రెండు మూడు నెలలకు మించి బాగుండవు. నూనె తక్కువ ఉన్న చేపలు ఆరు నెలలు నిలుస్తాయి. కోడిమాంసం ముక్కలు తొమ్మిది నెలల దాకా, కీమా మూడు నాలుగు నెలలు, వండిన కూరలు రెండు మూడు నెలలు రుచి పోకుండా ఉంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవారు ఈ లెక్కలను కాక మొదట చెప్పిన వారం పది రోజుల గడువునే పాటించాలి.

కొన్నింటికి ఫ్రీజర్ పనికిరాదు. పచ్చి బంగాళాదుంప నల్లబడుతుంది, ఉడికించినది ఇసుకలా విడిపోతుంది, కీర దోస, పుచ్చకాయ నీరుగారిపోతాయి, పెంకుతో ఉన్న గుడ్డు పగులుతుంది, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది, పెరుగు విరిగినట్టవుతుంది. ఇడ్లీ పిండిని పెట్టవచ్చు గానీ కరిగాక అంతగా పొంగదు, దోసెలకు వాడుకోవడం మంచిది.

వాడుకునే ముందు కరిగించడంలో కూడా అంతే శ్రద్ధ కావాలి. ఉదయం వండవలసిన మాంసాన్ని ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చి, కారే నీరు ఇతర పదార్థాల మీద పడకుండా లోతైన గిన్నెలో ఉంచాలి. తొందర ఉంటే కవర్ విప్పకుండా చన్నీళ్లలో ముంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చాలి. వంటగట్టు మీద వదిలేస్తే లోపల ఇంకా గడ్డగా ఉండగానే పై పొర గది వేడికి చేరుకుని అక్కడ క్రిములు పెరగడం మొదలవుతుంది. కూరగాయలను కరిగించనవసరం లేదు, నేరుగా బాణలిలో వేయవచ్చు. కింది అరలో కరిగిన మాంసాన్ని వండకుండా మళ్లీ గడ్డ కట్టించినా ప్రమాదం లేదు గానీ రుచి, మెత్తదనం రెండోసారి మరింత తగ్గుతాయి. గదిలో కరిగి గంటల తరబడి ఉన్నదాన్ని మాత్రం తిరిగి లోపల పెట్టకూడదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోవడమే మొదటి జాగ్రత్త. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది, ఫ్రిజ్ పైనుండే చిన్న అరకు అంత శక్తి ఉండదు. ఖాళీగా ఉన్న చోట నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలను, మెడ దగ్గర ఖాళీ వదిలి, గడ్డ కట్టించి ఉంచితే చలి ఎక్కువసేపు ఆగుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు ఒక గ్లాసు నీటిని గడ్డ కట్టించి దాని మీద ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే వదిలి వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి నాణెం పైనే ఉంటే అంతా క్షేమం. అడుగున గడ్డలో ఇరుక్కుని కనిపిస్తే, మధ్యలో ఎప్పుడో కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టిందని అర్థం, లోపలి మాంసాన్ని పారేయాలి.

సింగిల్ డోర్ ఫ్రీజర్ గోడలకు పేరుకునే మంచు అర సెంటీమీటరు మందం దాటితే చలిని లోపలికి రానివ్వదు, అప్పుడు చలిని ఎక్కువ తక్కువ చేసే థర్మోస్టాట్ మీట మధ్యలో ఉండే, మంచు కరిగించే డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. చాకుతోగానీ గరిటె కాడతోగానీ ఆ మంచును ఎప్పుడూ పెకలించకూడదు. ఆ రేకు వెనుకనే గ్యాస్ ప్రవహించే సన్నటి గొట్టాలు ఉంటాయి, చిల్లు పడితే గ్యాస్ పోవడమే కాక, ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్ మండే స్వభావం కలది. ఐస్ ట్రే రేకుకు అతుక్కుపోయినా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది: కాసిని గోరువెచ్చటి నీళ్లు చుట్టూ పోసి నిమిషం ఆగితే ట్రే వదులుతుంది.

ఐస్‌కు తాగే నీళ్లే వాడాలి, గడ్డ కట్టినంత మాత్రాన నీటిలోని క్రిములు చావవని పైన చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. చేపల బజారు నుంచి తెచ్చిన ఐస్ చేపలకే గానీ గ్లాసులోకి పనికిరాదు. ట్రేను అంచు దాకా నింపకుండా ముప్పావు వంతు నింపి సమంగా పెడితే మూడు నాలుగు గంటల్లో ముక్కలు సిద్ధమవుతాయి.

ట్రేలో తయారైన ముక్క నడుమ తెల్లటి మబ్బులాంటి మచ్చ కనిపిస్తుంది. నీరు గడ్డ కట్టేటప్పుడు తనలో కరిగి ఉన్న గాలినీ లవణాలనూ బయటికి నెట్టివేస్తుంది. ట్రేలో చలి అన్ని వైపుల నుంచీ తగలడంతో అవి పోవడానికి దారి లేక మధ్యలో చిక్కుకుంటాయి. నీళ్లను మరిగించి చల్లార్చి వాడితే మచ్చ కొంత తగ్గుతుందే గానీ పోదు. మచ్చ లేని ఐస్ ఎలా ఏర్పడుతుందో ఒక పాత సంగతి చెబుతుంది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు ఐస్ వచ్చింది, ఆ తర్వాత మద్రాసుకూ వచ్చింది, దాన్ని నిల్వ చేసిన ఐస్ హౌస్ భవనం చెన్నై సముద్రతీరాన ఇప్పటికీ ఉంది. అది చెరువుల మీద గడ్డ కట్టిన మంచును కోసి తెచ్చిన ఐస్. చెరువు పైనుంచి కిందికి మాత్రమే గడ్డ కడుతుంది కనుక గాలి, మలినాలు అడుగు నీటిలోకి పోయి పై పొర తేటగా ఉంటుంది.

ఇంట్లో కూడా అదే పద్ధతి సాధ్యమే. చపాతీలు పెట్టుకునే చిన్న హాట్ బాక్స్‌ను మూత తీసి, ముప్పావు వంతు నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెడితే, పక్కల నుంచి, అడుగు నుంచి చలి సులువుగా చేరలేక నీరు పైనుంచి నెమ్మదిగా గడ్డ కడుతుంది. దాదాపు ఒక రోజు తర్వాత, అడుగున ఇంకా కొంత నీరు మిగిలి ఉండగానే తీసేయాలి. పూర్తిగా గడ్డ కట్టనిస్తే అడుగున తెల్లదనం చేరడమే కాక వ్యాకోచానికి బాక్స్ పగలవచ్చు. బోర్లించి నీరు వంపేసి, గడ్డను పళ్లెంలో పది నిమిషాలు ఉంచి, పైన పట్టిన మంచు పొడి కరిగి తేటపడ్డాక పళ్ల చాకుతో గీత గీసి దాని మీద తేలికగా తట్టితే నిలువుగా విరుగుతుంది. తీసిన వెంటనే కొడితే ముక్కలు చెక్కలుగా పగులుతాయి. ఇలా చేసిన ఐస్ నిమ్మరసంలోనూ పానకంలోనూ నెమ్మదిగా కరిగి రుచిని పలుచబరచదు, అంత పెద్ద ముక్క గ్లాసులో పట్టాలంతే.

ఐస్ పక్కనున్న వాటి వాసనను త్వరగా పట్టుకుంటుంది. గట్టిపడిన ముక్కలను ట్రేలోనే వదిలేయక మూత ఉన్న డబ్బాలోకి మార్చి, చేపల ప్యాకెట్లకు దూరంగా ఉన్న అరలో పెట్టాలి. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచిన ముక్కలు కొన్ని వారాల్లో ఆవిరై కుంచించుకుపోతాయి కూడా. కొత్త ప్లాస్టిక్ ట్రేలో మొదటిసారి చేసిన ఐస్‌ను మొక్కలకు పోసేసి, ట్రేను నిమ్మరసం కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి వాడుకలోకి తేవాలి.